చెరిపిన బాణాలు

పన్నెండేళ్ళ నా నోటుబుక్కులో
ప్రతి బాణానికీ ఒక గమ్యం ఉండేది.
రాయగడ కాలేజీ మైదానంలో
దైను కద్రక
దాన్ని ఒక్క సాయంత్రంలో పాడుచేశాడు.

అడ్డుపడితే పక్కవాడి కాలికి బంతి,
పక్కవాణ్ణి కాస్తే తనే పరుగు.
"పాస్ ఇవ్వరా!" అని తెలుగులో అరిచి
ఒడియాలో తిట్టి
కాగితం మిల్లు సైరన్ మోగాక నోరుమూసుకున్నాను.

రాత్రి బోర్డు తుడిచాను.
మిగతా పదిమందికీ ఒకటే చెప్పాను:
వాడి దారిలోంచి తప్పుకోండి,
చూపులోంచి తప్పుకోకండి.

బరంపురంతో మ్యాచ్.
వాళ్ళ డిఫెండరు ఒక్క క్షణం తటపటాయించాడు,
పరుగా, పాసా?
అంతలో మా లెఫ్టవుట్ గోల్ ముందున్నాడు.

ఓడాం. రెండు ఒకటి.
తిరుగు బస్సులో దైను
నా పాత నోటుబుక్కు అడిగాడు,
తలకింద పెట్టుకోడానికి.
ఇచ్చేశాను.