కొలువు

నాన్న చేతితొడుగులు ఇవాళ లెక్కపెట్టాను.
పద్నాలుగు జతలు. అన్నీ తెల్లవి.
అన్నిటికీ ఎడమచేతి చివరి రెండు వేళ్లలో
దూది.

ఆ వేళ్లు రెండూ క్రిమియా మంచులో ఉండిపోయాయి.
దూది కూరింది అమ్మ.
ఎక్కువైతే వేలు కర్రలా నిలబడుతుంది,
తక్కువైతే విందుబల్ల దగ్గర వంగిపోతుంది.
అక్కడ ఏదీ వంగకూడదు,
నడుము తప్ప.

ఏడాదికి మూడు నెలలు రాజనగరులో కొలువు.
అక్కడ ఏం చేస్తావు నాన్నా అంటే
"నిలబడతాను" అనేవాడు.
ఇంకా?
"ఎవరైనా కూర్చోమంటారేమోనని చూస్తాను."
ఇంకా?
"కూర్చోమనరు."

రూఫస్ పొట్ట పట్టుకుని నవ్వేవాడు.
నార్తంబర్లాండ్ గాలికి కిటికీలు గడగడలాడుతుంటే
తివాచీ మీద నిటారుగా నిలబడి,
ఎడమచేతి వేళ్లు రెండు మడిచి,
ఖాళీ కుర్చీకి వంగి వంగి సలాములు చేసేవాడు.
ఆ కుర్చీ ఇంకా ఉంది. స్ప్రింగు బయటికొచ్చింది.

నాన్నది కొలువు. అమ్మది కొలత.
బొగ్గు కొలిచేది, పాలు కొలిచేది,
పిల్లల గది పైకప్పు కింద పెట్టిన బకెట్టులో
రాత్రికెంత వాన పడిందో కొలిచేది.
ఒక ఉత్తరంలో రాసింది:
"మాంసం కొట్టువాడికి బాకీ ముప్పై పౌన్లు.
మీ కోటు మీది బంగారు జరీకి అరవై.
వాడికి జరీ కత్తిరించి ఇవ్వనా?
ఇట్లు, మీ లవీనియా."
జవాబుగా ఆయన క్రిస్మస్‌కి రెండు నెమలికోళ్లు పంపించాడు,
నగరు వాళ్లు ఇచ్చినవి.
గట్టిగా ఉన్నాయి. ఉడకలేదు.

డైరీలు ఇరవై రెండు.
యుద్ధం గురించి ఒక్క ముక్క లేదు.
"వాన. భోజనాల వరసలో పదకొండోవాణ్ణి."
"వాన. చేప బాగాలేదు. తొమ్మిదోవాణ్ణి."
ఎవరో ఇద్దరు ముసలి దొరలు పోయుంటారు.

ఆ మార్చిలో జర్మనీలో ఎవరో యువరాజు చనిపోయాడు.
నాన్న ఎన్నడూ చూడనివాడు,
పేరు పలకడానికి నోరు తిరగనివాడు.
నగరంతా చేతికి నల్లపట్టీలు కట్టుకుంది.
దుఃఖానికి మూడు వారాలు గడువని చీటీ వచ్చింది.

తొమ్మిదో రోజు సాయంత్రం ఆరింటికి
రూఫస్ బడి నుంచి తంతి.
గొంతువాపు. రెండు రోజుల్లోనే.
భోజనం ఎనిమిదీ ముప్పావుకి.

వెళ్తానని అడగొచ్చు. అడగలేదు.
ఎందుకని అమ్మ జన్మలో అడగలేదు,
ఆయన చెప్పలేదు.
డైరీలో ఉంది:
"తంతి. వాన లేదు. ఏడోవాణ్ణి."

పక్కన కూర్చున్నవాళ్లు ఆయన చేతి వంక చూసి
ఎవరికోసం కల్నల్ స్విన్‌హో, అని అడగలేదు.
ఎందుకడుగుతారు?
ఆ బల్ల చుట్టూ నలభై నల్లపట్టీలు.
ఒక్కటే ఇంటి మనిషిది.

నాలుగో సోమవారం అందరూ విప్పేశారు.
నాన్నా విప్పాడు.

ఇవాళ ఆ జతల్లో ఒకదాని చిటికెనవేలు
చేతికి వేరుగా తగిలింది.
కుట్టు చూశాను. అమ్మది కాదు.
అమ్మ కుట్టు చీమల బారు.
ఇది వంకర టింకర,
మూడు వేళ్లతో గుడ్డ అదిమి పట్టి కుట్టినట్టు.
విప్పితే లోపల దూది లేదు.
జానెడు నల్లగుడ్డ,
చిన్నగా, చాలా చిన్నగా మడిచి.

ఎన్ని విందుల్లో నిలబడిందో అది,
తెల్లతోలు లోపల.

ఏటేటా వసంతంలో అన్ని జతలూ విప్పి
పాత దూది తీసి కొత్తది కూరేది అమ్మే.
ఈ ఒక్కటి ఎందుకు ముట్టలేదో
అడగడానికి ఇప్పుడు ఎవరూ లేరు.

దీపం దగ్గరికి జరుపుకుని
మడత మడతలాగే పెట్టి కుట్టేశాను.
నా కుట్టు కూడా వంకరే.