ఆవిరి గదిలో రాగి పలక

కెమియార్వీలో డిసెంబరు.
సూర్యుడు సెలవు చీటీ కూడా రాయకుండా వెళ్ళిపోయాడు.
వెలుగు నుంచి దాక్కోవడం ఇక్కడ పెద్ద పనేం కాదు.
సౌనా పొయ్యి చల్లారాక
చెక్క బల్ల తుడిచి, పసుపు బల్బు పెట్టి
తలుపు సందులో పాత స్వెట్టరు కుక్కాను.

రాగి పలక మీది నల్ల పొర ఒలుస్తుంటే
లోపల ఆకుపచ్చ పూత,
ఇంకా ఎవరూ చూడని చర్మం.
దాని మీద ఫిల్ము, ఫిల్ము మీద గాజు.
గాజు కోసం ఫ్రేములోంచి అత్తగారిని తీసి పక్కన పెట్టాను.
ఆవిడ ఏమీ అనలేదు.
మరదలు గోళ్ళు ఆరబెట్టుకునే దీపం కింద
ఆరు నిమిషాలు.

ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు చేశాను.
షిఫ్టుకి నాలుగు వేల బోర్డులు నా ముందునుంచి నడిచిపోయేవి,
ఒక్కటీ ఆగి పలకరించలేదు.
ఇదొక్కటే నన్ను కూర్చోబెట్టింది.

ఊరి చివర స్కీ దారిలో దీపాలు
చీకటి పడ్డా వెలగడం లేదు.
వసంతంలో చూద్దామన్నారు మునిసిపాలిటీ వాళ్ళు.
వసంతంలో దీపాలెందుకు?

కాస్టిక్ సోడా నీళ్ళలో పలకను ఊపాను,
అడుగున చక్కెర కరిగిందా అని
కాఫీ కప్పు తిప్పినట్టు.
వెలుగు తగిలిన చోటల్లా పూత పొగలా విడిపోయింది.
తగలని చోటే గీతలు నిలిచాయి.
మా ఊరి మనుషులూ అంతే అనుకుని
నాలో నేనే నవ్వుకున్నాను.

తర్వాత ఫెర్రిక్ క్లోరైడు, ఐస్‌క్రీం డబ్బాలో.
అక్కర్లేని రాగి అంతా కరిగేదాకా
ప్లాస్టిక్ పట్టకారుతో కదుపుతూ కదుపుతూ
ఒక చుక్క బల్ల మీద పడింది.
తుప్పు రంగు మరక. ఇక పోదు.
ప్రతి శనివారం ఎవరో ఒకరు దాని మీద కూర్చుంటారు.

కడిగి దీపం దగ్గర పెట్టి చూస్తే
మూలన రాసుకున్న నా పేరు, హెల్వి,
అద్దంలోలా అటునుంచి ఇటుంది.
ఫిల్ము తిరగేసి పెట్టాను.
ఇరవై రెండేళ్ళ అనుభవం!

పారేయబోయాను.
మళ్ళీ మొదటినుంచి చేయడానికి బద్ధకించి
చిప్పును వెల్లకిలా పడుకోబెట్టి
కాళ్ళు వెనక్కి వంచి టంకం వేశాను.
చచ్చిన బొద్దింకలా ఉంది.

నిన్న మధ్యాహ్నం రెండున్నరకి,
చుక్కలు పొడిచేశాక,
ఓయివా స్తంభమెక్కి పెట్టెలో బిగించి దిగాడు.
కాసేపు ఏమీ కాలేదు.
స్తంభాన్ని బూటుతో తన్నాడు.
మొదటి దీపం. ఆగి, రెండోది.
అలా అడవి లోపలికి.

వీపున బడి సంచితో ఒక పిల్ల
వాటి కింద జారుకుంటూ వెళ్ళింది.
పైకి చూడలేదు.