పురి

గేటుకి కాగితం అంటించారు ఆ పొద్దు.
మైదా జిగురు ఇంకా ఆరలేదు.
"తదుపరి ఉత్తర్వుల వరకు" —
మొదటి ముక్క చదివేసరికే
నాలిక మీద నీరూరింది.
చూడండి, ఏడుపు రావాలి కదా.
ఆ నీరేదో కళ్ళలో ఊరాలి కదా.

రెండొందల పదకొండు రోజులు.
మంచం పక్కన గోడ మీద
అయిదేసి చొప్పున బొగ్గు గీతలు,
మా కన్నమ్మ లెక్క.
గేటు నుంచి ఇంటికి ఎడం పక్క తిరగాలి.
కాళ్ళు కుడి పక్కకి తిరిగాయి.
నన్ను అడగలేదు.

విజయనగరం పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
ఒకసారి మా వంశాన్ని గీసింది.
మగాళ్ళకి చదరాలు, ఆడాళ్ళకి సున్నాలు.
తాత, నాన్న, మేనత్త కొడుకు, నేను —
చదరాల్లో నలుపు నింపుకుంటూ పోయింది.
"ఇది శాపం కాదు సూరప్పడూ,
అలాగని ఏమీ లేదనీ కాదు.
కొంత నీ నెత్తురు రాసింది,
మిగతాది నీ రోజులు రాస్తాయి."

నెత్తురు రాయడం నాకు అర్థం కాలేదు.
స్పిన్నింగులో ఇరవై రెండేళ్ళు చేసినోణ్ణి,
నాకు పురి అర్థమవుతుంది.
గోగునారకి పురి ఎక్కిస్తామా,
బాబిను మీద ఉన్నంతసేపూ బుద్ధిగా ఉంటుంది.
పట్టు సడలిందా, తనలో తనే చుట్టుకుంటుంది.
తడి తగిలితే మరీ బిగుస్తుంది.
ఆ మెలిక ఎవరు పెట్టారో పోగుకి తెలీదు.

మా నాన్న తూలేవాడు కాదు.
అదే మా ఇంటి గొప్ప.
పెళ్ళిళ్ళలో పందెం కట్టి తాగించేవారు.
తెల్లారి షిఫ్టు కూతకి
అందరికంటే ముందు గేటు దగ్గర.
"మనోళ్ళకి ఎక్కదురా" అని
నా వీపు మీద చరిచేవాడు.
ఆ మాట చెబితే డాక్టరమ్మ పెన్ను ఆపేసింది.
ఎక్కకపోవడమేనట మొదటి గుమ్మం.
ఇక చాలు అని కొట్టే గంట
మా ఒంట్లో మెల్లగా మోగుతుందట.

మరి చిన్నాన్నో? ఒకే కడుపు.
బొబ్బిలిలో రైల్వే కలాసీ.
నెల తిరిగితే జీతం, రాత్రయితే నిద్ర,
మజ్జిగ తప్ప ఎరగడు.
అదే నార.
ఎవరూ తడపలేదు.

నన్ను ఆరేళ్ళప్పుడే తడిపేశారు.
సందు మొదట్లో నాన్న చెప్పుల చప్పుడు వింటే
బియ్యం డబ్బా వెనక దూరేవాణ్ణి.
ఇప్పటికీ ఎవరైనా గట్టిగా పిలిస్తే
కడుపులో ఏదో ఆ డబ్బాని వెతుక్కుంటుంది.
ఒక క్వార్టరు పడితే ఊరుకుంటుంది.
అంతే.
రుచి కోసం తాగిందెవడు?

ఆ పొద్దు ఊరుకుంది.
మర్నాడు లేచింది, నిన్నటికంటే పెద్ద గొంతుతో.
మూడో రోజు చంపావతి ఇసుకలో
ముందు నా చెప్పులు దొరికాయి,
తరవాత నేను.

కన్నమ్మ పాత గీతలు చెరపలేదు.
కింద కొత్త వరసకి చోటు చూసింది.
నాతో మాట్లాడలేదు.

నిన్న సాయంత్రం మా లోహిత్‌గాడు
మెట్టు మీద నా పక్కన కూలబడ్డాడు.
పదిహేనేళ్ళు.
సిరిమాను నాడు దోస్తులు బీరు పట్టించారట,
సీసా మొత్తం.
"నాకేటీ అవనేదు నాన్నా" అన్నాడు.
నవ్వాడు.
మా నాన్న నవ్వు.

నా చెయ్యి దానంతటదే లేచింది,
వాడి వీపు మీద పడింది.
చరవలేదు. అక్కడే ఉంచేశాను.
నీ చదరం ఇంకా తెల్లగానే ఉందిరా అందామంటే
నా నోటి వాసన నాకే కొట్టింది.
అయినా మొదలెట్టాను —
"ఒరే, పురి అంటే ఏటో ఎరుగుదువా?"