సగం గులాబీ

పొడుగిటుక, పొట్టిటుక, పొడుగిటుక, పొట్టిటుక
గురువు, లఘువు, గురువు, లఘువు.
వెల్లండ్ ఏటి ఒడ్డున, గొడుగు లేని ఒక సాయంత్రం
ఈ గోడని మొదటిసారి కూడబలుక్కుని చదివాను.
మూల దగ్గర లెక్క తగ్గినచోట
నిలువునా చీల్చిన సన్నపాటి ఇటుక ఒకటి,
పాదపూరణానికి ఎవరో "మరి" అన్నట్టు.

లోపల మెట్లున్నచోట కిటికీకి వీల్లేదు.
బయటి వరస చెడకూడదు కదా,
ఇటుకతోనే కిటికీ కట్టి నల్లరంగు పూశారు.
పావురాలు ఇప్పటికీ మోసపోతాయి.

కట్టించినవాడు ఉన్ని వర్తకుడట.
ఇప్పుడు గుమ్మం పక్కన ఏడు బొత్తాలు,
ఆరో దాని పేరు చెరిగిపోయింది.

నాది మూడు. ఒకప్పటి భోజనశాలలో ముక్క.
పైకప్పు సున్నపు గులాబీలో
అయిదు రేకులు నావి,
అయిదు అడ్డుగోడకి అవతల విన్నిఫ్రెడ్ స్కేఫ్‌వి.
మధ్యలో రెండిటిని జిప్సమ్ బోర్డు మింగింది.
షాండ్లియర్ కొక్కెం ఆవిడ వాటాకి వచ్చింది.
దానికి దండెం కట్టి
మేజోళ్లు ఆరేసుకుంటుంది.

ఫిబ్రవరి మంచుకి గొట్టం పగిలింది.
ప్లంబర్ టాజెల్ బోర్డు కోసి, చెయ్యి దూర్చి,
గుర్రపు వెంట్రుకలు కలిపిన సున్నం పెళ్లలు తీశాడు,
పేళ్లుగా చీల్చిన బద్దలు తీశాడు,
చివరికి ఒక రాగి తీగ దగ్గర ఆగాడు.
"కరెంటు కాదులే. లాగి చూడు."

లాగాను.
కింద, ఇంటి కడుపులో ఎక్కడో,
ఎన్ని పూతల రంగు కిందనించో
గొంతు జీరబోయిన గంట.

రాత్రంతా రొట్టెల ఫ్యాక్టరీలో నిలబడొచ్చి
అప్పుడే కన్నంటుకున్న డెన్‌జిల్
బేస్‌మెంట్‌లోంచి కేకేశాడు: "ఎవడ్రా అది?"

గోడకి అవతల స్కేఫ్ నవ్వింది.
పొడి దగ్గులాంటి నవ్వు.
"మా అమ్మమ్మయితే
వస్తున్నానమ్మా అనేది."

టాజెల్ నా వైపు చూశాడు.
నేను పైకి, నా అయిదు రేకుల వైపు చూశాను.
అవతల కుర్చీ జరిగిన చప్పుడు.
ఆవిడ మేజోళ్లు తీస్తోందో,
కొక్కేన్నే చూస్తూ నిలబడిందో.

బోర్డు మూసేటప్పుడు
తీగ కొస జానెడు బయటికి వదిలెయ్యమన్నాను.
లాగను. అలా ఉండనీ.

బిల్లు ఏడు వాటాలయింది.
ఆరో నంబరు వాళ్లు ఇంకా ఇవ్వలేదు.