నాలుగో గడి

నెలకొక్కసారి, ఐదో తారీకు లోపల
హన్మకొండ ఆఫీసుకు ఒక కాయితం పోవాలె.
నాయిన రాత కోడి గీరినట్టుంటదని
తొమ్మిదో తరగతి నుంచి అది నా పని.

మొదటి గడిల ఊరి పేరు.
రెండో గడిల తిరిగిన కిలోమీటర్లు.
మూడో గడిల పంచిన కరపత్రాలు.
నాలుగో గడి మీద అచ్చక్షరాలు: కొత్త ఆత్మలు.

ఊరి పేరు కాడ్నే తకరారు.
తాడ్వాయి దాటి, తారు ఆగిపోయిన కాడ దిగి
రెండు వాగులు, ఒక ఎలుగుబంటి భయం దాటినంక
ఇరవై రెండు గుడిసెలు. ఏ పటంల లేవు.
బస్తరు నుంచి నడిచొచ్చినోళ్లు,
ఫారెస్టోళ్లు పీకితే
అవే గుంజలు మళ్ల పాతుకునేటోళ్లు.
"ఏం రాయాలె నాయినా?"
"వాగవతల అని రాయి."

మొదటి ఆదివారం గంటసేపు తెలుగుల చెప్పిండట,
ఆకాశం దిక్కు చేతులు సాపి, చెమటలు కారంగ.
కుంజం ఉంగ అనే ముసలాయన
ఒక్కసారన్న ఆవులించకుంట విని
ఆఖరుకు ఒక్క మాట అడిగిండట:
"ఉప్పు తెచ్చినవా?"

మలివారం మోపెడు మీద, బైబిలు సంచి పక్కన
ఇరవై కిలోల దొడ్డుప్పు.
ఇగ ఉప్పు మీద ప్రసంగం చెప్తడనుకున్న.
చెప్పలే.
ఇంటింటికి సోలెడు సోలెడు కొలిచిండు, అంతే.

"నాలుగో గడిల?"
"మడకం జోగ కొడుకుకు జరం దిగింది."
"గది కాదు నాయినా, సంఖ్య."
"సోమిడి కాన్పు. వాగు దాక మంచం మీద మోసినం. ఆడపిల్ల."
"సంఖ్య."
గోడ దిక్కు చూసెటోడు.
నేను సున్న చుట్టేదాన్ని.
గుండ్రంగ, అందంగ,
డెబ్బై ఒక్క నెలలు.

పైనున్న అయ్యగారు చెడ్డోడేం కాదు.
గొంతు తగ్గించే అన్నడు:
"పంట రాని చెల్కల ఎన్నేండ్లు ఇత్తనాలు పోస్తం జకరయ్యా?"
పక్క మండలంల ఎవరో ఒక్క దినాన
నలభై మందిని చెరువుల ముంచి లేపిండట.
ఫోటోలు కూడ ఉన్నయట.

తొమ్మిది వందల జీతం ఆగింది.
మోపెడు కాశిబుగ్గల అమ్ముడువోయింది.
నాయిన ఎనుమాముల మార్కెట్ల
పత్తి బోరాలకు రాత్రి కావలి.
ఆదివారాలు పండుకునేటోడు.
నిద్ర పోయేటోడు కాదు.

నాలుగేండ్లకు, ముసురు పట్టిన సాయంత్రం
ఎంజీఎం దవాఖాన చీటీ పట్టుకొని
ఒకామె మా గల్లీల అడుగుతున్నది:
"ఉప్పాయన ఇల్లేది?"
నాయిన పేరు ఆమెకు తెల్వనే తెల్వదు.

అన్నం తినుకుంట చెప్పింది, సగం కోయల సగం తెలుగుల:
నువ్వు రాని మొదటి వారం ఇప్పచెట్టు కింద
మోపెడు చప్పుడు కోసం కూసున్నం.
మలివారం కూడ.
ఉత్తగ కూసుంటె పొద్దు పోదని
నువ్వు నేర్పిన పాట ఎత్తుకున్నం.
రెండో చరణం యాదికి రాలే.
ఉంగ తాత అడివి పాటలకెల్లి నాలుగు ముక్కలు అతికిండు.
గుడిసెలు పీకిన దినం కూడ కూసున్నం.
నీ దేవునికి చెప్పినం.
ఎవలకో ఒకలకు చెప్పాలె గద.
ఇప్పుడు వాగు ఇవతలి గూడెపోళ్లు కూడ వస్తున్నరు.
ఎందుకు కూసున్నరంటె, ఎదురుచూస్తున్నం అంటం.
ఎవల కోసమంటె
మాలో మాకే పంచాయితి.

నా చెయ్యి దానంతట అదే పెన్ను ఎతికింది.
"ఎంతమంది?" అన్న.

ఆమె వేళ్లు మడవలే. పేర్లు చెప్పుకుంట పోయింది.
జోగ, జోగ కొడుకు, సోమిడి, సోమిడి బిడ్డ,
కుంజం ఉంగ (మొన్న ఎండాకాలం సచ్చిపోయిండు,
అయినా ఆయన చోటు ఇడిచే కూసుంటం),
లక్కె, ఐతడు, ఇంక పేరు పెట్టని పిల్లోడు,
వానొస్తె నడుమల దూరే రెండు మేకలు...

పేర్లు అయిపోకముందే నాయిన లేసిండు.
చీకట్ల దొరకక
అమ్మ చెప్పులేసుకొని
వాన్ల బయటికి ఉరికిండు.

దుకాణం మూసే యాళ్లయితున్నది.