గిరగిర

నెల రోజులు మింగాను నేను దాన్ని.
పొద్దున ఒకటి, రాత్రికి ఒకటి,
చెంబెడు నీళ్లతో.
బిళ్లతోపాటిచ్చిన ప్లాస్టిక్ పీకను
మనవడు ఈలనుకొని ఊదుతుంటే
ఊదుకోనీలే అన్నాను.

ఆయాసం మాత్రం
కొండపి బస్సు దిగిన కాడ్నుంచి వేలం ఫ్లోరు దాకా
నాతోనే నడిచేది.
నాకన్నా ముందే చేరి
బేళ్ల మీద కూచొని ఉండేది.

ఆస్పత్రిలో నర్సమ్మ సుభాషిణి
"ఎట్టా వాడుతున్నావు పెద్దయ్యా,
నా ముందర ఒకసారి చేసి చూపించు" అంది.
చూపించాను.
గొట్టం బిళ్ల నోట్లో వేసుకొని
నీళ్లేవమ్మా అన్నాను.

ఆ పిల్ల నవ్వలేదు.
అందుకే మిగతా మాట విన్నాను.

"ఇది కడుపుకు కాదు, మాలకొండయ్యా,
ఊపిరికి. లోపల ఉండేది పొడి."
పీక విప్పి, బిళ్లను గుంటలో నిలబెట్టి
అడుగు తిప్పింది. టక్కుమంది.
"ముందు నీ గాలంతా వదిలెయ్,
దీంట్లోకి కాదు, పక్కకు.
పెదాలు బిగించి ఒక్కసారిగా లోతుగా లాగు.
గిరగిరమని వినపడాలి.
వినపడలేదా, మందు కదల్లేదు.
లాగినాక పట్టుకో. పది దాకా లెక్క."

నాలుగు కాడే దగ్గొచ్చింది.

ముప్ఫై రెండు సీజన్లు
బ్యారన్ కింద మంట వేసినోణ్ణి నేను.
ఆకు పసుపు తిరిగే దాకా సన్న సెగ,
ఈనె ఎండే దాకా పెద్ద సెగ,
ఏ జామున ఏ కిటికీ తెరవాలో
గోడ మీద అరచెయ్యి ఆనించి చెప్పేవాణ్ణి.
తొందరపడితే మాడిద్ది, ఏమరిస్తే కుళ్లిద్ది.
ఊళ్లో అందరి ఆకుకూ గాలి పెట్టినోణ్ణి,
నా రొమ్ముకు కిటికీ యాడుందో
అరవై ఒకటో ఏట
ఈ పిల్ల చూపించాల్సి వచ్చింది.

చుట్ట సంగతి కూడా అడిగింది.
నేను గోడ మీద క్యాలెండరు చదివాను.

రెండోది పంపు. నీలం డబ్బా.
దీని పద్ధతి వేరు.
ఊపి, నొక్కుతా నిదానంగా పీల్చాలి,
దాంట్లో లాగినట్టు లాగితే గొంతుకే తగిలి ఆగిపోయిద్ది.
నిమిషం ఆగి రెండోది.
"ఇది ఆయాసం ఎగదన్నినప్పుడే,
టీ తాగినట్టు తాగేది కాదు.
పొయ్యి పక్కన పెట్టేవు, పేలిద్ది."

మార్చిలో ఒక రాత్రి
పక్క బ్యారన్ పొగ మా మంచాల మీదికి దిగింది.
నొక్కాను. చాల్లేదు. మళ్లీ నొక్కాను.
చేతులు వణుకు, గుండె ఆయిలింజను,
ఆ దడకు భయమేసి ఇంకోటి నొక్కాను.

తెల్లారి నర్సమ్మ "ఎన్నిసార్లు?" అంటే
రెండో మూడో అన్నాను.
రవణమ్మ మాట్లాడకుండా కొంగుముడి విప్పి
బల్ల మీద పరిచింది
తొమ్మిది చీపురు పుల్లలు.
చీకట్లో నొక్కిన చప్పుడుకొకటి చొప్పున
ఏరి పెట్టుకుందంట.
ఇరవై ఏళ్లు ఆకు గ్రేడింగు చేసిన చెయ్యి,
ఒక్కటి తప్పుపోదు.

నర్సమ్మ చాలాసేపు ఆ పుల్లల్నే చూసింది.
"రాసిచ్చిన లెక్కకు తగ్గకపోతే
నొక్కుతా కూచోకూడదు పెద్దయ్యా.
నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యాలి.
ఆ దడ మందుది,
నీకు రోగం ముదిరి కాదు, మందు మీరి."

ఆ తొమ్మిదీ ఇప్పుడు
మా గూట్లో ఉన్నయ్, పంపు పక్కన.
తియ్యనియ్యదు.

పొద్దున్నే అరుగు మీద కూచొని
పీకలో బిళ్ల పెడతాను.
లాగాక నోరు పుక్కిలించి చెట్టుకు ఊస్తాను,
నాలిక మీద తెల్లపూత పూయకుండా.
ఖాదర్‌వలి బిళ్లలు కూడా తెప్పించి చూశాను మొన్న,
అతనూ మింగుతున్నాడు,
పెరుగన్నంలో కలిపి.

ఒక్కోనాడు బద్దకంగా లాగుతాను.
చప్పుడు రాదు.
లోపల చాట చెరుగుతున్న రవణమ్మ
చెయ్యి ఆపి
"మళ్లా లాగు" అంటది.