తల్లి రొయ్యల టికెట్

తుమ్మలపెంట హేచరీలో
ఈ రాత్రి నా పని
రొయ్యలకి విమానం చూడ్డం.

ఆరొందల తల్లులు.
సగం మగవే అయినా
రిజిస్టర్లో మేం తల్లులనే రాస్తాం.
సంచికి పన్నెండు, మూతి కట్టే ముందు ఆక్సిజను,
సంచి చిరగకుండా ఒక్కోదాని కొమ్ముకీ
ఒక రబ్బరు గొట్టం ముక్క.
పసిఫిక్ మధ్యలో ఏదో దీవిలో పుట్టినయ్యి
రెండు విమానాలు మారి మద్రాసులో దిగాలి.
ఫోటో అక్కర్లేదు, వేలిముద్ర అక్కర్లేదు,
ఆరోగ్య పత్రం మీద
అమెరికా సర్కారు డాక్టరు సంతకం చాలు.

ఆ సర్కారు రేపు మూతపడొచ్చంట.

"మూసేదేంది మేడం, అదేమన్నా బంకా?"
అన్నాడు డ్రైవర్ మస్తానయ్య.
ఖర్చుల లెక్క మీద వాళ్ళల్లో వాళ్ళకి పేచీ, అన్నాను.
కాసేపు ఆలోచించి
"మా అన్నదమ్ముల బోరు మాదిరి" అన్నాడు,
"నీళ్ళుంటయ్యి. కరెంటుంటది.
మోటరు మాత్రం ఎవుడూ ఎయ్యడు."
ముత్తుకూరు కాలేజీలో నాలుగేళ్ళు చదివాను,
ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

గోడ మీద గడియారం ఒకటే,
నా బుర్రలో మూడు.
వాషింగ్టన్ అర్ధరాత్రి మనకి పొద్దున తొమ్మిదిన్నర,
ఆ దీవిలో అప్పటికి సాయంత్రం ఆరు.
సంతకం పెట్టాల్సినామె బల్ల సర్దుకునే వేళ.
ఆమె పేరు పాత పత్రాల్లో చూశాను.
చివరి అక్షరం తోక పేపరు అంచు దాకా లాగుతుంది.

నీలాంగరై క్వారంటైన్‌లో మా గది అయిదో తేదీకి.
తప్పితే మళ్ళీ నెల.
ముందు విమానంలో ఎక్కిద్దామంటే పత్రం లేదు,
పత్రం వచ్చాకంటే విమానంలో చోటు లేదు.
సంచిలో నలభై గంటలు దాటితే
వాటి ఉచ్చే వాటికి విషం.

అన్నిటికంటే కష్టమైంది ఇది:
ఎక్కే ముందు ఒకరోజు వాటికి మేత మానెయ్యాలి.
కడుపు ఖాళీగా ఉంటేనే నీళ్ళు చెడవు.
దీవి నుంచి అడుగుతున్నారు,
మొదలుపెట్టమంటారా, వద్దా?
మొదలుపెట్టాక పత్రం రాకపోతే
ఊరికే మాడ్చినట్టు.
మొదలుపెట్టకపోతే పత్రం వచ్చీ దండగ.

ఓనరు కోదండరెడ్డి ఫోనెత్తి
"నువ్వే చూడమ్మా" అన్నాడు.
నష్టమొచ్చేటప్పుడు ఆయనెప్పుడూ అట్టా నమ్ముతాడు నన్ను.

ఇడవలూరు పెంచలయ్య సాయంత్రం నుంచి మూడుసార్లు చేశాడు.
గుంట ఎండగట్టాడు, సున్నం చల్లాడు,
నీళ్ళు పెట్టి పిల్ల కోసం కూర్చున్నాడు.
"మన గవర్మెంటేనా మూసింది?" అని అడిగాడు.
కాదన్నాను.
"మరింకేంది?" అన్నాడు ధైర్యంగా.
ఆ ధైర్యానికి ఏం చెప్పాలో తెలీక
పొద్దున చెప్తానన్నాను.

మొన్నటేడు తెల్లమచ్చ రోగమొచ్చినప్పుడు
మూడు నెలలు మాకు జీతాల్లేవు.
అయినా రాత్రి రెండింటికి లేచి
ఉప్పు శాతం చూసి రాసేదాన్ని.
ఎందుకు చూశానని ఎవరైనా అడిగితే
తొట్లలో పిల్లలున్నాయి కాబట్టి, అంతే.
ఆమె కూడా రేపట్నుంచి జీతం లేకుండానే
బల్ల ముందు కూర్చుంటుందా?
వెళ్ళిపొమ్మంటారా?
ఇంటికెళ్ళి అద్దె లెక్క వేసుకుంటుందా?
నాకు కావాల్సింది ఆమె సంతకం,
ఆలోచన మాత్రం ఆమె సరుకుల సంచి మీదికి పోతోంది.

రాత్రి ఒంటిగంట.
నాచు తొట్లు ముదురు గోధుమరంగుకి తిరిగాయి,
తినే నోళ్ళు ఇంకా పుట్టలేదు.
అంకమ్మ తల్లుల తొట్టి కడిగి
ఇరవై ఎనిమిది డిగ్రీలకి నీళ్ళు కాచి
గాలి గొట్టం తెరిచింది.
ఎవరూ లేని నీళ్ళల్లో
బుడగలు పైకొచ్చి పగుల్తున్నాయి.

"ఆపేదా మేడం, కరెంటు దండగ గదా?"

ఉండనీ, అన్నాను.
దీవికి రాశాను: మేత మానండి.
పంపించాక ఆ రెండు మాటలూ
మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

బయట మస్తానయ్య బండి టైర్లు తన్ని చూస్తన్నాడు.
డీజిలు కొట్టించమంటారా అని
ఇంకా అడగలేదు.